అక్క మొగుడు ఏం పని చేసేవాడు

మా బావకు రెండు పేర్లుండేవి. పుట్టిన ఊళ్లో ఒకటి, బాయి మీద ఒకటి. బాయి అంటే నీళ్ల బావి అనుకునేరు, బొగ్గు గని. గోదావరిఖనిలో గని అనే మాట బోర్డుల మీద కనిపిస్తుందే గానీ ఎవరి నోటా వినిపించదు. బాయి మీది పేరు ఆయనది కాదు, వాళ్ల అన్నది. కొలువుకు పిలుపు వచ్చింది అన్నకే. ఆయన బాయి మొగదల దాకా పోయి, లోపలి చీకటి చూసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాడు. చచ్చేదాకా నాగలి పడతాను గానీ అందులోకి దిగనని మొండికేశాడట. ఇంటికొచ్చిన కొలువును ఎవరు వదులుకుంటారు? అన్న పేరు మీద తమ్ముడు దిగాడు.

ఇదేదో మా బావ ఒక్కడే చేసిన ఘనకార్యం కాదు. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు, ఎప్పుడో పోయిన మేనమామ పేరు మీద మేనల్లుడు, ఇలా మా క్వార్టర్ల లైనులో చాలామంది ఇంకొకరి పేరుతో మస్టర్ వేయించుకుని డ్యూటీకి దిగేవాళ్లు. మారుపేరు మనుషులనేవాళ్లం. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా అక్కకు మాత్రం ఈ రెండు పేర్ల తిప్పలు లేవు. మా దిక్కున ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు కదా, రెండింటిలో ఏదీ అనకుండానే కాపురం చేసింది.

ఆయన పోయిన రోజున మాత్రం ఆ రెండు పేర్లూ వచ్చి ఆమె మెడకు చుట్టుకున్నాయి.

తొంభైల మొదట్లో అనుకుంటాను, బావకు కామెర్లయ్యాయి. తాగుడు మనిషి, లోపల అంతా పాడైపోయిందన్నారు. కంపెనీ దవాఖానలో ఉన్నన్నాళ్లూ అక్క ఆయన మంచం కిందే పడుకుంది. ఒళ్లు తుడిచింది, జావ పట్టింది, తిట్లు తిన్నది. ప్రాణం పోయాక శవాన్ని అప్పగించడానికి భార్య వేలిముద్ర కావాలన్నారు. కాగితాల్లో భార్య ఎవరు? అన్నగారి భార్య. అంటే మా అక్కకు ఏరాలు, తోడికోడలు. ఆమె ఊళ్లో ఉంది. కబురు పోయి, ఆమె బస్సెక్కి వచ్చేదాకా శవం లోపల, అక్క బయట వరండాలో.

ఏరాలు మధ్యాహ్నానికి వచ్చింది. బస్టాండులోనే బొట్టు తుడుచుకుని, గాజులు తీసి కొంగున ముడేసుకుంది. ఆమె మొగుడు, మేం పెద్దబావ అనే ఆయన, నిక్షేపంగా ఊళ్లో వరికి నీళ్లు పెడుతున్నాడు. ఆమె ఏడుపు నటన అని మాత్రం నేననను. అత్త లేని ఇంటికి కోడలిగా వచ్చి మరిదిని చేతుల మీద పెంచింది. “నా కొడుకా, నా కొడుకా” అంటూ శవం మీద పడింది. పెళ్లాం అలా ఏడవదు కదా, ఎవరైనా పట్టుకుంటారేమోనని నేను తలుపు వైపు చూశాను. లైనులోని మగవాళ్లు ఆమె చుట్టూ మూగి నిలబడ్డారు. మా అక్క మాత్రం ఏడవలేదు. ఏడిస్తే నువ్వెవరని ఎవరైనా అడుగుతారని భయపడింది. మొగుడు చచ్చిన ఆడది ఏడవడానికి భయపడటం నేను అక్కడే చూశాను. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండుతుంది.

దినాలు కాగానే పంచాయితీ పెట్టారు. కొలువులో ఉండగా పోయిన మనిషి ఇంట్లో ఒకరికి కంపెనీ కొలువు ఇస్తుంది. ఆ కొలువు ఎవరికన్నది పంచాయితీ. పెద్దబావ కొడుకు అప్పటికి ఎదిగొచ్చాడు, కాగితాల్లో చనిపోయినాయన కొడుకు వాడే. వాడు కొలువు చేసి పిన్నిని సాకుతాడని పెద్దమనుషులు తేల్చారు. మా బాపు, అంటే నాన్న, అప్పటికి లేడు. అవ్వ, అంటే మా అమ్మ, మాట్లాడదు. అక్క లోపలి గదిలో బిడ్డను పట్టుకుని కూర్చుంది. ఇంక నేనే మిగిలాను, ప్రైవేటు బడిలో పంతులమ్మని, నోరున్నదాన్ని.

“పేరు మాది. గా పేరే లేకుంటె కొలువెక్కడిది?” అన్నాడు పెద్దబావ. కోపంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టే అన్నాడు.

“పేరు మీదే బావా. బొగ్గెత్తిన రెక్కలెవలియి?” అన్నాను.

“ఆడివిల్లను గిట్ల మాట్లాడనిస్తరా?” అని ఒక పెద్దమనిషి అవ్వ వైపు చూశాడు. అవ్వ తల దించుకుంది. నేను లేచి వచ్చేశాను.

అక్కకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. ఆడవాళ్లకు బాయి పైన పని ఇచ్చిన ఇళ్లు మా లైనులోనే ఉన్నాయి. ఆ పని దొరికితే క్వార్టరు ఉంటుంది, కూతురు రోజూ పోయే బడి ఉంటుంది. లేకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి, ఊరికి పోయి ఏరాలి గడపలో పడి ఉండాలి.

“దవాఖానల ఊడుస్త, క్యాంటీన్ల గిన్నెలు తోముత. ఏదైతేంది చెల్లె. ఒగల చేతికింద బతుకుడు నాతోని కాదు. నా బిడ్డె బడి ఇడువద్దు” అంది.

నేను అక్కను తీసుకుని కంపెనీ ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. అక్కను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“అమ్మా, మీరు చెప్పేది అబద్ధమని నేననడం లేదు. కానీ నా ముందున్న కాగితాల్లో మీరు లేరు. చనిపోయినాయన మీ భర్తేనని ఏదైనా కోర్టు కాగితం ఉంటే తెండి, పైకి రాస్తాను” అన్నాడు.

కోర్టు కాగితమట! మా కులంలో పెళ్లికి కాగితం లేదు, తెగతెంపులకు కాగితం లేదు. పిల్లను ఇచ్చినా, మళ్లీ తెచ్చుకున్నా, నలుగురు పెద్దమనుషులు కూర్చుని చెప్పిందే తీర్పు. ఫ్యామిలీ కోర్టు అనే మాట పట్నం పేపర్లలో చదవడమే గానీ మా దిక్కున ఎవరూ దాని గడప తొక్కి ఎరగరు. ఇక మిగిలింది మనుషుల సాక్ష్యం. బావతో కలిసి ఒకే షిఫ్టులో పనిచేసిన పక్కింటి ఆయన్ని అడిగాను. అక్క ఆయన్ని అన్నా అనేది. ఆయన చాలాసేపు చేతులు నలుపుకున్నాడు.

“చెల్లె, మీ బావను కాటికి మోసినోన్ని. నాకు తెల్వదంటె నా కండ్లు పోతయి. కని సాచ్చెం అడగకు. గా సారు నన్ను తిప్పి అడుగుతడు, మరి నీ పేరేందని. ఏం చెప్పాలె నేను?”

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయన కూడా మారుపేరు మనిషే. ఇంకో రెండిళ్లకు పోయాను. ఒకరు చాయ్ తాగమన్నారు, ఇంకొకరు అసలు తలుపే తీయలేదు. ఒక్క పేరు తవ్వితే లైనంతా బయటపడుతుంది. వాళ్లను తిట్టుకున్నాను గానీ, వాళ్ల జాగాలో ఉంటే నేనైనా చేసేది అదే.

కాగితం సంగతి చెప్పింది మా వీధి చివర స్కూటర్లు బాగుచేసే సాయబు. బాపుకు దోస్తు, మాకు కాక, అంటే బాబాయి వరస. ఒకరోజు బడి నుంచి వస్తుంటే ఆపాడు.

“ఏంది బిడ్డా, గట్ల మొకం ఏలాడేసినవ్? మీ అక్క కేసు ఏసింది గదా అప్పట్ల! మీ బాపును, అక్కను నేనే వకీలు సాబ్ కాడికి తీస్కపోయిన. అన్న పేరు మీద ఫలానా బాయిల పని చేస్తడని అండ్ల సాఫ్ సాఫ్ రాయించినం. వకీలు సాబ్ చదివి ఇనిపిచ్చిండు గూడ.”

“మరి గది సూపిస్తె, దొంగ పేరుతోని చేసిండని అసలుకే మోసమైతది గదా కాకా?”

“సచ్చినోన్ని నౌకరిలకెల్లి తీస్తరా? ఆయన బతికున్నప్పటి కాయిదం బిడ్డా అది. ఇప్పుడు కొలువు కోసం పుట్టిచ్చిందని ఎవడంటడు? ఫికర్ చెయ్యకు. జల్ది పోయి ఎతుకు.”

ఎనభైల నడుమ జరిగిన కేసు అది. నేనప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. బావ తాగి కొట్టి, అక్కను కట్టుబట్టలతో బయటికి గెంటాడు. పంచాయితీలు పెట్టారు, ఆయన అక్కడ తల ఊపి ఇంట్లో మళ్లీ కొట్టాడు. విసిగిపోయిన బాపు, సాయబు కాక మాట విని, కోర్టులో మనోవర్తికి దరఖాస్తు వేయించాడు. నేను సెలవులకు వచ్చేసరికి కేసు రాజీ అయిందన్నారు, అక్క మళ్లీ క్వార్టర్లో ఉంది. ఏం రాజీ, ఎలా రాజీ అని నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. రాజీ అయిపోయిన కేసుకు కాగితం మిగిలి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆ తర్వాతే అక్కకు కూతురు పుట్టింది.

సాయబు కాక మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. మా ఇంట్లో మొదటిసారి ఒక ఆడది తన మొగుడి గురించి నిజం చెప్పి, దాన్ని గవర్నమెంటు కాగితం మీద రాయించింది. అది ఎక్కడో ఒక బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది. దుమ్ము దులిపి తెచ్చుకోవడమే మా పని. వకీలును కలుద్దామని ముందు ఆయన ఇంటికి పోయాను. ఆయన చనిపోయి ఏడాది దాటింది. ఆఫీసు గదిలో ఎవరో బట్టల దుకాణం పెట్టుకున్నారు. పాత కాగితాలు ఏమయ్యాయని అడిగితే దుకాణపాయన నవ్వాడు.

కోర్టున్న ఊరికి మా దగ్గర నుంచి రెండు బస్సులు మారాలి. బడికి సెలవు పెట్టి పోయాను. రికార్డు రూములో కూర్చునే పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకుని కేసు నంబరు అడిగాడు. తెలియదన్నాను. సంవత్సరం అడిగాడు. అవ్వ చెప్పింది మా ఎర్ర బర్రె చచ్చిన ఏడని. ఆ మాట ఆయనతో అనలేక, నా ఇంటర్ లెక్క వేసుకుని ఒక సంవత్సరం చెప్పాను. ఎదుటి మనిషి పేరు అడిగితే బావకు బాయి మీదున్న పేరు చెప్పాను. మా లైనులో ఆ పేరుకే కదా బావ పలికేది! పెద్దాయన రిజిస్టరులో వెతికి లేదన్నాడు. ఇంకో రోజు పోయాను, అటు ఏడాదీ ఇటు ఏడాదీ చూడమని బతిమాలాను. లేదు. బస్సులో తిరిగి వస్తుంటే నా మీద నాకే చిరాకేసింది. మొగుడి మీద కేసు వేసేటప్పుడు అన్న పేరుతో ఎందుకు వేస్తారు?

మళ్లీ పోయి బావ అసలు పేరు చెప్పాను. పెద్దాయన వేలు రిజిస్టరు మీద జారుతూ జారుతూ ఒకచోట ఆగింది. అక్క పేరు, బావ పేరు, మా బాపు ఊరు. అచ్చంగా మా అక్కే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెద్దాయన కూడా సంతోషపడ్డాడు, కూర్చోమ్మా అని స్టూలు జరిపాడు. అటెండరు కట్ట తేవడానికి లోపలికి పోయాడు. ఆ కాసేపట్లో నేను అక్కకు కొలువు ఇప్పించేశాను, పిల్లకు కొత్త బట్టలు కూడా కుట్టించేశాను.

కట్టలో మా అక్క కేసు చాలా పలుచగా ఉంది. విప్పితే రెండే కాగితాలు. ఒకటి ఇంగ్లీషులో టైపు చేసిన ఆర్డరు, ఇంకొకటి తెలుగులో రాసిన రాజీనామా, అంటే రాజీ పత్రం.

“దరఖాస్తు ఏది సార్? మొదట వేసింది?” అన్నాను.

“ముగిసిన కేసుల్లో కొన్నేళ్లు కాగానే దరఖాస్తులు, వాంగ్మూలాలు తీసేసి తగలబెడతారమ్మా. రూలు అంతే. తీర్పు, రాజీనామా మాత్రం ఉంచుతారు. ఇవి ఎప్పటికీ ఉంటాయి” అని ఆయన భరోసా ఇస్తున్నట్టు చెప్పాడు.

ఆ రెండో కాగితం చదివాను. ఇన్నేళ్లయినా అందులోని మాటలు నాకు నోటికి వస్తాయి. ప్రతివాది వ్యవసాయ కూలి అనియు, అతనికి ఎట్టి ఉద్యోగమూ లేదనియు, బొగ్గు గనిలో పనిచేయుచున్నది ప్రతివాది అన్న అనియు, దరఖాస్తులో ఇందుకు విరుద్ధముగా వ్రాయించినది కోపములో వ్రాయించినదనియు దరఖాస్తుదారు తన ఇష్టపూర్వకముగా ఒప్పుకొనుచున్నది. కింద అక్క వేలిముద్ర. దాని పక్కన సాక్షిగా మా బాపు వేలిముద్ర.

రెండోసారి చదివాను. బహుశా గొంతెత్తి చదివానేమో, పెద్దాయన నా వైపు చూశాడు. నేను నెలలుగా వెతికింది దీని కోసం. మా అక్క ఎవరి పెళ్లామో తేల్చే కాగితమే ఇది, అనుమానం లేదు. ఊళ్లో కూలి చేసుకునే ఒక మనిషి పెళ్లామని తేల్చేసింది. బాయిలో పనిచేసి దవాఖానలో చచ్చిపోయినాయన ఆమెకు బావగారని కోర్టు ముద్ర వేసి మరీ చెబుతోంది. ఏరాలి కొడుకు వకీలును పెట్టుకుని వెతికించినా ఇంతకన్నా గట్టి రుజువు వాడికి దొరకదు.

“నకలు కావాలంటే దరఖాస్తు రాయమ్మా” అన్నాడు పెద్దాయన.

వద్దన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఇన్నిసార్లు తిరిగి, దొరికాక వద్దంటావేమిటి అని నొచ్చుకున్నాడు. నేను ఏం చెప్పను? ఆయన రెండు కాగితాలూ మడిచి, తాడు కట్టి, జాగ్రత్తగా లోపలికి పంపించాడు.

ఇంటికి వచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. బాపు బతికి ఉంటే ఆయన మీదే పడేదాన్ని. అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పింది.

“కోర్టోళ్లు బాయాఫీసుకు కాయిదం పంపుతరని తెలిసింది బిడ్డా. లైన్ల మొగోళ్లందరు వచ్చి బాపు కాళ్ల మీద పడ్డరు. ఒగని పేరు బయిటవడితె మా అందరియి పోతయి, మా పెండ్లాం పిల్లలు ఆగమైతరు అని. నీ అల్లుని కొలువు పోతె మనోవర్తి ఏడికెల్లి ఇస్తడు అన్నరు. మీ బాపు ఏం జేస్తడే? అల్లుడు గూడ వచ్చి ఇగ కొట్ట అని దండం పెట్టిండు.”

 అయినా బాపును క్షమించానని చెప్పలేను. తన కూతురి నోటితో, తన కూతురు అబద్ధమాడిందని రాయించి, పక్కన తన వేలు కూడా ఒత్తాడు. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నాడో లేదో నాకు తెలియదు. లైనులో మాత్రం అందరూ తిన్నారు.

మరునాడు అక్క క్వార్టరుకు పోయాను. అక్క బట్టలు పిండుతోంది. నా ముఖం చూసి చేతులు తుడుచుకుని వచ్చి గడప మీద కూర్చుంది. దాచడం నాకు చేతకాదు, ఉన్నదంతా చెప్పాను. కాగితంలో ఉన్నది మాట మాటా చెప్పాను. ఆమె వింటూ ఉంది. ఏడుస్తుందనుకున్నాను.

“జడ్జి సారు అడిగిండు చెల్లె, నీ మొగడు ఏం పని జేస్తడమ్మా అని. మంచిగనే అడిగిండు. బాపు నా దిక్కు సూసిండు. కూలి పని జేస్తడని చెప్పిన” అంది. చేతులు మళ్లీ కొంగుకు తుడుచుకుని, “మరి మొదలు రాయించిందో? అన్న పేరు మీద బాయిల చేస్తడని చెప్పింది గూడ నేనే గదా. గది ఏమైంది?”

“కాలవెట్టిన్రట.”

“గదెందుకు కాలవెట్టిన్రు? గది నిజం గదా?”

రూలు గురించి చెప్పాను. ముగిసిన కేసులూ, ఉంచే కాగితాలూ, తీసేసే కాగితాలూ. చెబుతుంటే అది నా చెవులకే పిచ్చి మాటల్లా వినిపించింది. అక్క వినడం మానేసి లోపలున్న కూతురి వైపు చూసింది. పిల్ల స్లేటు మీద ఏదో రాసుకుంటోంది.

“గప్పుడు గా మాట అనకుంటె నేను వాపస్ రాకపోతుంటి. నేను రాకుంటె గిది పుట్టకపోతుండె” అంది. ఆ మాటకు సంతోషపడాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

అధికారి దగ్గరికి మళ్లీ పోలేదు. ఏం తీసుకుని పోవాలి? పెద్దబావ కొడుక్కు కొలువైంది. క్వార్టరు ఖాళీ చేసే రోజున పక్కింటి అన్న వచ్చి సామాన్లన్నీ తనే బండికెత్తాడు, అక్క ముఖం చూడలేదు. అక్క, కూతురు ఊరికి పోయారు. పెద్దబావ ఇంట్లో, వడ్లు పోసుకునే అర్రలో ఉన్నారు. అక్క బీడీలు చుట్టడం నేర్చుకుంది. అన్నానికి లోటు లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. ఏరాలు మంచిదే, వడ్డించేటప్పుడు తేడా చూపించదు. కానీ కొత్త చీర కట్టుకున్నా, బిడ్డకు జ్వరమొచ్చినా, బస్సెక్కి మా ఇంటికి రావాలన్నా ఇంకొకరిని అడగాల్సిందే. పిల్ల ఊరి బడిలో రెండేళ్లు చదివి మానేసింది. నేను తీసుకుపోతానంటే, తల్లి ఒక్కతే అవుతుందని రాలేదు. వితంతువుల పింఛనుకు రాయిద్దామని పోతే, నీ మొగుడు బతికే ఉన్నాడు కదా అన్నారు. నిజమే, బావ అసలు పేరు ఎక్కడా చావలేదు.

చచ్చింది పెద్దబావ పేరు. దాని తిప్పలు ఆయనకూ మొదలయ్యాయి. కొడుకు కొలువు నిలబడాలంటే తండ్రి చచ్చే ఉండాలి. ఊళ్లో తిరుగుతున్న మనిషికి ఏదో ఒక పేరుండాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న పేరు ఒక్కటే, తమ్ముడిది. రేషన్ కార్డు దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా ఆ పేరుతోనే చలామణి అయ్యాడు.

ఒక వేసవి సెలవుల్లో నేను ఊళ్లో ఉండగా ఓటర్ల జాబితా సరిచూడటానికి బడి సారు ఒకాయన వచ్చాడు. కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, ఊరి సంగతులు తెలియవు. పెద్దబావ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మా దిక్కున తమ్ముడి భార్య భర్త అన్న ముందు నిలబడదు. కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంటుంది, నేరుగా మాట్లాడదు. అక్క కూడా ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఆయన ముందు అలాగే మసిలేది. అందుకే గోడవారన, ఆయనకు వీపు తిప్పి కూర్చుని బీడీలు చుడుతోంది. సారు ఏరాలి పేరు చదివాడు, భర్త లేడని జాబితాలో గుర్తు వేసుకున్నాడు. తర్వాత అక్క పేరు చదివి, భర్త పేరంటూ బావ అసలు పేరు చదివాడు.

“ఉన్నడా ఈయన?” అన్నాడు.

 లేడంటే ఎప్పుడు పోయాడో చెప్పాలి. చెబితే ఎక్కడెక్కడికి పోతుందో అందరికీ తెలుసు. పెద్దబావ తల గోక్కున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“నేనే సారూ” అన్నాడు, నేలకేసి చూస్తూ.

సారుకు ఏదో అనుమానం వచ్చింది. పెద్దబావ తల నెరిసింది, అక్కది ఇంకా నల్లగానే ఉంది. అక్క వైపు తిరిగి, “ఈయనేనా అమ్మా నీ భర్త?” అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చేతిలోని బీడీ ఆకు చాటలో పెట్టి లేచింది. కొంగు సవరించుకుని, మొదటిసారి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

“ఆ” అంది.

సారు టిక్కు పెట్టుకుని పక్కింటికి పోయాడు. పెద్దబావ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పొలం వైపు వెళ్లిపోయాడు. ఏరాలు లోపల ఏడుస్తోంది. అక్క వచ్చి చాట ముందు కూర్చుంది. ఎందుకలా అన్నావని ఆమె మీద అరిచాను, ఆమె చెయ్యి పట్టుకుని ఊపాను. ఆమె ఆకు కత్తిరించుకుంటూ నా ముఖంలోకి చూసింది.

“మరేమనాలె చెల్లె? మల్ల కోర్టుకు పోయి ఎతుకుతవా?”